మిస్డ్ కాల్ ఇస్తే ఓటు వేసినట్టేనా?

(మల్కాపురంలో జరిగిన మన సంఘ వార్షికోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠం)



ప్రజాభిప్రాయ సేకరణల మీద, ఓటర్ల మీద ఈ ఫోనుల్లో తిరిగే మాటల ప్రభావం ఎంతవరకు వుంది అన్న విషయమై నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం మమ్మల్ని ఆదేశించింది. పిల్లల స్కాలర్‌షిప్పులు, వైద్య సహాయం, ఖబరస్థాన్ ప్రహరీ గోడ ఇన్ని వుండగా ఈ విషయం ఎందుకండీ అని ఒకరిద్దరు సభ్యులు అడిగారు. ఆ గోడకూ దీనికీ సంబంధం వుంది. అది ముందు ముందు మనవి చేసుకుంటాము.

మన మల్కాపురం సంగతి మీకు చెప్పనక్కరలేదు. షిప్‌యార్డు, రిఫైనరీ, పోర్టు, డాక్‌యార్డు, ఈ నాలుగింటి చుట్టూ అల్లుకున్న బస్తీ ఇది. పూర్వం షిఫ్టు దిగి వచ్చేవాళ్ళు టీ బడ్డీ దగ్గర ఆగేవారు. ఒకడు పేపరు పైకి చదివితే పదిమంది వినేవారు. చదివేవాడు తప్పు చదివితే దిద్దేవాడు ఆ బెంచీ మీదే వుండేవాడు. యూనియన్ గుర్తింపు ఎన్నికలు వస్తే గేటు మీటింగులు జరిగేవి. ఇవాళ ఒక యూనియన్ నాయకుడు గేటు దగ్గర నిలబడి మాట్లాడితే, రేపు అదే గేటు దగ్గర రెండోవాడు వచ్చి దానికి జవాబు చెప్పేవాడు. చెప్పేది నిజమైనా అబద్ధమైనా అందరి ముందూ చెప్పాల్సి వచ్చేది. గేటు మీటింగుకున్న గుణం అదే. మేము చెప్పబోయే మాటలన్నీ ఆ గేటు చుట్టూ తిరుగుతాయి.

ఒకే ఒక్క ప్రశ్న వేసి, అవునా కాదా అని జనాన్ని ఓటు ద్వారా అడగడాన్ని రిఫరెండం అంటారు. మన రాజ్యాంగంలో దేశమంతటికీ అటువంటి ఏర్పాటు లేదు. అయినా కొన్నిచోట్ల జరిగాయి. 1948 ఫిబ్రవరిలో జునాగఢ్‌లో జరిగింది, 1975 ఏప్రిల్‌లో సిక్కింలో జరిగింది. వీటన్నిటిలో మనం బాగా తెలుసుకోదగ్గది గోవాలో జరిగినది. మహారాష్ట్రలో కలవాలా, కేంద్రపాలిత ప్రాంతంగానే వుండాలా అని 1967 జనవరి 16న అక్కడి జనాన్ని అడిగారు. కలవాలనేవారికి పువ్వు గుర్తు, విడిగా వుండాలనేవారికి రెండాకుల గుర్తు. ముఖ్యమంత్రి బందోద్కర్ కలవాలనే పక్షం. ఆయన కుర్చీలో వుండగా ఓటింగు సక్రమంగా జరగదని జాక్ డి సెక్వేరా నాయకత్వంలోని అవతలి పక్షం పట్టుబడితే, ఆయన ప్రభుత్వం ముందే రాజీనామా చేసింది. ఈ రోజుల్లో ఊహించుకోవడమే కష్టం! ఊరూరా సభలు, పాటలు, పత్రికల్లో వాదోపవాదాలు నడిచాయి. విలీనం వద్దని వాదించడానికి ‘రాష్ట్రమత్’ అని మరాఠీలోనే ఒక పత్రిక నడిచింది. ఎందుకు మరాఠీలో? కలవాలనేవారు చదివే భాష అది గనుక. ఎదుటివాడికి అర్థమయ్యే భాషలో, వాడి కళ్ళెదుట వాదించడమన్నమాట. చివరికి విడిగా వుండాలని 1,72,191 మంది, కలవాలని 1,38,170 మంది ఓటు వేశారు. తేడా 34,021. ఓడినవారు కూడా తాము ఏ మాటలకు ఓడిపోయారో ఎరుగుదురు.

ఇక 2016కి వద్దాము. ఐరోపా సమాజంలో వుండాలా, బయటికి రావాలా అని ఆ ఏడు జూన్ 23న బ్రిటన్ ప్రజలను అడిగారు. నూటికి 51.9 మంది బయటికి రావాలన్నారు. ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నది వారి దేశం వ్యవహారం. ప్రచారం నడిచిన తీరు మాత్రం మనకు పనికొచ్చే పాఠం. బయటికి రావాలనే పక్షం తన డబ్బులో పెద్ద భాగం ఫేస్‌బుక్ ప్రకటనల మీద పెట్టింది. గోడ మీది పోస్టరైతే వీధిలో పోయే అందరికీ కనిపిస్తుంది. ఈ ప్రకటనలు అలా కాదు. ఎవరి వయసు, ఎవరి ఊరు, ఎవరి భయం చూసి ఎంచుకున్నారో వారి ఫోనులోనే కనిపిస్తాయి. పక్కింటివాడికి కనిపించవు. కనిపించనిదానికి జవాబెవరు చెబుతారు? ఆ ప్రకటనలేమిటో పార్లమెంటు కమిటీ అడిగితే ఫేస్‌బుక్ సంస్థ ఇచ్చింది, 2018 జూలైలో అవి లోకానికి తెలిశాయి. అప్పటికి ఓటింగు అయిపోయి రెండేళ్ళు దాటింది.

ఆ ప్రకటనల్లో ఒకటి టర్కీ గురించి. టర్కీలోని 7 కోట్ల 60 లక్షల మంది ఐరోపా సమాజంలోకి వచ్చేస్తున్నారు అన్నట్టుగా దాన్ని తయారుచేశారు. నిజానికి టర్కీ చేరిక చర్చలు 2005లో మొదలై ఎటూ కదలకుండా వున్నాయి. టర్కీ ముస్లిం దేశమని ఆ ప్రకటనలో రాయనక్కరలేదు, చూసేవాడికి తెలుసు. బ్రిటన్‌లో పుట్టి పెరిగి, బస్సులు నడిపి, ఆస్పత్రుల్లో పనిచేసే లక్షలాది ముస్లిం కుటుంబాలకు ఈ ప్రశ్నతో సంబంధమే లేదు. అయినా వారి పొరుగువారి ఫోనుల్లో వారి పోలికే భయపెట్టే బొమ్మ అయింది. ఆ పక్షం ఖర్చు పరిమితి దాటిందని, ఆ డబ్బు వేరే సంస్థ పేరుతో చూపించిందని అక్కడి ఎన్నికల సంఘం 2018 జూలైలో 61 వేల పౌండ్ల జరిమానా వేసింది. జరిమానా కట్టించుకున్నారు గాని, పడిన ఓట్లను ఎవరూ మళ్ళీ లెక్కపెట్టరు గదా.

ఇది చూసి ఐర్లండు కొంత జాగ్రత్త పడింది. అక్కడ 2018 మే 25న గర్భస్రావ చట్టం మీద ఓటింగు జరిగితే, రెండు వారాల ముందే ఫేస్‌బుక్ విదేశీ ప్రకటనలను, గూగుల్ ఆ ఓటింగుకు సంబంధించిన ప్రకటనలన్నిటినీ ఆపివేశాయి. ఆపగలరు అన్నమాట, ఆపాలనుకుంటే.

సీమదేశాల సంగతి అలా వుంచండి. ఇప్పుడు మన ఇంటి సంగతి.

2023 జూన్ 14న 22వ లా కమిషన్ ఉమ్మడి పౌరస్మృతి మీద ప్రజలు, మత సంస్థలు తమ అభిప్రాయాలు పంపవచ్చని ప్రకటించింది. మొదట నెలరోజుల గడువు ఇచ్చి, తరువాత జూలై 28 వరకు పొడిగించింది. అభిప్రాయాలు పంపండి అన్నారేగాని ఓటు వేయమనలేదు. అయితే దేశమంతటా ఫోనుల్లో ఒక సందేశం తిరిగింది. ఇన్ని కోట్లమంది ముస్లింలు రెండు రోజుల్లో వ్యతిరేకంగా ఓటు వేసేశారట, మీరు నిద్రపోతున్నారా, వెంటనే ఫలానా నంబరుకు మిస్డ్ కాల్ ఇచ్చి అనుకూలంగా ఓటు వేయండి అని దాని సారాంశం. ఆ నంబరు లా కమిషన్‌ది కానే కాదు. కేంద్రంలోని అధికార పక్షం తమ ప్రభుత్వం తొమ్మిదేళ్ళు నిండిన సందర్భంగా మద్దతు కోసం ప్రకటించుకున్న నంబరు అది. ఈ నంబర్లకు, సందేశాలకు మాకు ఏ సంబంధమూ లేదని లా కమిషన్ జూలై 7న ప్రకటన ఇవ్వవలసి వచ్చింది. ఆ ప్రకటన ఎంతమంది చూశారు? మిస్డ్ కాల్ ఇచ్చినవారిలో ఎందరికి, తాము ఓటు వేయలేదని, ఒక పార్టీకి తమ నంబరు ఇచ్చామని ఈనాటికైనా తెలుసు?

కోట్లమంది ముస్లింలు ఓటు వేసేశారన్న మాట వుందే, దాని పని ఏమిటో ఆలోచించండి. వేసేందుకు అసలు ఓటే లేదు. లేని ఓటును మన పేరుతో వేయించి, పక్కవాడిని భయపెట్టి, వాడిచేత మిస్డ్ కాల్ ఇప్పించారు. టర్కీ బొమ్మ చేసిన పనే ఇది కూడాను.

మనవైపు ఏం జరిగింది? మనవైపూ లింకులు తిరిగాయి, క్యూఆర్ కోడ్‌లు తిరిగాయి. చివరకు కమిషన్‌కు చేరిన అభిప్రాయాలు 75 లక్షలు. ఆ తరువాతి సంవత్సరం అదే మళ్ళీ, ఇంకా పెద్దయెత్తున జరిగింది. 2024 ఆగస్టు 8న వక్ఫ్ సవరణ బిల్లు లోక్‌సభలో పెట్టారు. దాన్ని జగదాంబికా పాల్ అధ్యక్షతన సంయుక్త పార్లమెంటరీ కమిటీకి పంపారు. కమిటీ పదిహేను రోజుల్లో సూచనలు పంపమని ప్రజలను కోరింది. పర్సనల్ లా బోర్డు వారు క్యూఆర్ కోడ్ విడుదల చేశారు. ఫోను దాని ఎదుట పెడితే చాలు, అభ్యంతరం తెలిపే ఉత్తరం తయారుగా వస్తుంది, ఒక్క నొక్కుతో కమిటీకి పోతుంది. బిల్లును సమర్థించేవారు తమ కోడ్‌లు తాము తిప్పారు.

మన బస్తీలో కూడా జుమా నమాజు అయ్యాక ఆ కాగితం అంటించారు. కుర్రవాళ్ళు ఉత్సాహంగా పెద్దవాళ్ళ ఫోనులు తీసుకుని పంపించిపెట్టారు. వారి శ్రద్ధను మేము తక్కువ చేసి చెప్పడం లేదు. ఎండలో నిలబడి చేశారు. అక్కడ మా ఎదుట జరిగిన ఒక మాట మాత్రం చెప్పాలి. షిప్‌యార్డులో రిటైరైన ఒక పెద్దాయన ఫోను తిరిగి తీసుకుంటూ, “నేనేటి రాసేను బేటా?” అని అడిగారు. ఆ అబ్బాయి, “అన్నీ అందులో వున్నాయి చాచా, పంపేశాను” అన్నాడు. “అది కాదురా, నేనేటి రాసేను?” అని ఆయన మళ్ళీ అడిగారు. అబ్బాయి తెరమీద చూశాడు. ఉత్తరం ఇంగ్లీషులో వుంది. వెనకాల వరుసలో మరో ఇరవైమంది వున్నారు.

ఆ సాయంత్రం ఆడవాళ్ళ కూర్పులో ఒక ఆపా ఇంకో ప్రశ్న వేసింది. “మా ఇంట్లో ఓటున్నవాళ్ళం అయిదుగురం, ఫోను ఒక్కటే. మా ఆయన పంపేశానన్నారు. అందులో నా అభిప్రాయం కూడా వున్నట్టేనా, లేనట్టేనా?” ఎవరూ జవాబు చెప్పలేదు.

ఇక లెక్కల సంగతి చూడండి. మూడు కోట్ల 66 లక్షల ఈమెయిళ్ళు పంపించామని బోర్డు చెప్పింది. వచ్చిన వినతులు మొత్తం 97,27,772 అని 2025 ఏప్రిల్ 2న మంత్రి కిరణ్ రిజిజు లోక్‌సభలో చెప్పారు. మధ్యలో, 2024 సెప్టెంబరులోనే, కమిటీ సభ్యుడొకరు ఇన్ని లక్షల ఉత్తరాలు ఎక్కడినుంచి వచ్చాయో, విదేశాల చెయ్యి వుందేమో విచారణ జరిపించాలని కోరారు. ఉత్తరాలు ఎన్ని, ఎవరివి అన్న దానిమీదే వాదం నడిచింది. ఉత్తరంలో ఏముందో ఎవరు మాట్లాడారు? ఒకే ఉత్తరం లక్షసార్లు వస్తే చదివేవాడు ఒక్కసారే చదువుతాడు. రెండు వైపులా అంతే. బిల్లు లోక్‌సభలో 288కి 232 ఓట్లతో, రాజ్యసభలో 128కి 95 ఓట్లతో గట్టెక్కింది. ఏప్రిల్ 8 నుంచి చట్టం అమలులోకి వచ్చింది. అందులో కొన్ని నిబంధనలను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 15న తాత్కాలికంగా నిలిపివేసింది. నిలిపివేయించినది ఉత్తరాల సంఖ్య కాదు. సెక్షన్లు చదివి, ఒక్కొక్కదాని మీదా చేసిన వాదన.

మొదట్లో గోడ సంగతి చెబుతామన్నాము గదా. ఆ చట్టం కింద 2025 జూన్ 6న ఉమీద్ పోర్టల్ ప్రారంభించి, వక్ఫ్ ఆస్తుల వివరాలన్నీ ఆరు నెలల్లో అందులో ఎక్కించాలన్నారు. అప్పుడు ఏం కావలసివచ్చింది? సర్వే నంబరు కావాలి, విస్తీర్ణం కావాలి, సరిహద్దులు కావాలి, ఎప్పటినుంచి వాడుకలో వుందో రుజువు కావాలి. ఖబరస్థాన్ గోడ ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో చెప్పే కాగితం కావాలి. ఈ పనికి క్యూఆర్ కోడ్ లేదు. ఇనప్పెట్టె తీసి, పాత దస్తావేజులు దులిపి, ఉర్దూ చదవగలిగిన పెద్దలను బతిమాలి చదివించుకోవలసిన పని అది. ఆ 15 రోజుల్లో కమిటీకి ఫలానా బస్తీలోని ఫలానా స్థలం ఇంత, దాని కాగితాల పరిస్థితి ఇది, ఈ సెక్షన్ వస్తే మాకు కలిగే ఇబ్బంది ఇది అని దేశంలోని వెయ్యి జమాతులు తమ సొంత మాటల్లో వెయ్యి ఉత్తరాలు రాసివుంటే, ఆ వెయ్యీ వేరువేరుగా చదవక తప్పేది కాదని మా నమ్మకం. ఫలితం మారేదా అంటే చెప్పలేము. సభలో మెజారిటీ ఎవరిదో వారిదే. కాని రికార్డులో మన గోడ వుండేది.

ఇప్పుడు అసలు ఓటు సంగతి. 2024 మే 13న మన రాష్ట్రంలో అసెంబ్లీకి, లోక్‌సభకు పోలింగు జరిగింది. చట్టం ప్రకారం పోలింగు ముగిసే సమయానికి 48 గంటల ముందు ప్రచారం ఆగిపోవాలి. మే 11 సాయంత్రం ఆరు గంటలకు మల్కాపురంలో మైకులు ఆగిపోయాయి. ఆటోలకు కట్టిన జెండాలు విప్పేశారు. వాట్సాప్ గ్రూపులు మాత్రం ఆగలేదు సరికదా, ఆ రెండు రాత్రులే ఎక్కువ మోగాయి. ఓటరు ప్రశాంతంగా ఆలోచించుకోవడానికి 1951 నాటి చట్టం ఇచ్చిన 48 గంటలు, జవాబు చెప్పే వీలు ఎవరికీ లేని 48 గంటలుగా మారాయి. గేటు మూసేశాక ఒకడు లోపలికి దూరి మీటింగు పెట్టినట్టు.

ఆ ఎన్నికల ముందు, ఏప్రిల్ చివరలో తెలుగునాట పెద్ద గొడవ చేసిన వీడియో ఒకటి మీకు గుర్తుండే వుంటుంది. కేంద్ర హోంమంత్రి అమిత్ షా ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లు ఎత్తేస్తామన్నట్టుగా అందులో వుంది. అసలు ప్రసంగం 2023 ఏప్రిల్ 23న చేవెళ్ళ సభలోది. ఆయన ఎత్తేస్తామన్నది ముస్లిం రిజర్వేషన్లను. దాన్ని కత్తిరించి అతికించారు. ఢిల్లీ పోలీసులు కేసు పెట్టారు, అరెస్టులు జరిగాయి. తెలంగాణ ముఖ్యమంత్రికి సైతం నోటీసు వెళ్ళింది.

ఇక్కడ మనవాళ్ళలో కొందరు అన్న మాట ఒకటుంది. అబద్ధమైతేనేం, మనకు మేలు చేసేదే గదా, పోనీ తిరగనివ్వండి అని. ఈ మాటతో మేము ఏకీభవించలేము. ఆ కత్తిరింపులో ఏం పోయిందో చూడండి. పోయింది మన సంగతే! 2007 చట్టం ద్వారా వచ్చిన నాలుగు శాతం, 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేస్తే అదే సంవత్సరం మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు మీద నిలబడి వున్న నాలుగు శాతం. బీసీ–ఇ సర్టిఫికెట్టుతో మన పిల్లలకు వచ్చిన ఇంజనీరింగు సీట్లు, మెడికల్ సీట్లు అన్నీ దానిమీదివే. ఒక నాయకుడు దాన్ని తీసేస్తామని బహిరంగ సభలో అన్న మాట చర్చకు రావలసింది పోయి, ఆ మాటే జనానికి కనబడకుండా పోయి, వీడియో నకిలీదా కాదా అన్న చర్చ మిగిలింది. మనకు మేలు చేస్తుందనుకున్న అబద్ధం మన నిజాన్నే మింగింది.

నకిలీవని తమ దృష్టికి వచ్చినవాటిని మూడు గంటల్లోగా తీసెయ్యాలని ఎన్నికల సంఘం 2024 మే 6న పార్టీలను ఆదేశించింది. మంచిదే. కాని మూడు గంటల్లో అది మన అత్తగారి ఊరి గ్రూపుకు, కువైట్‌లో వున్న అన్నయ్య గ్రూపుకు పోయి, అక్కడినుంచి తిరిగి మన ఇంటికే వస్తుంది. ఫార్వర్డ్ చేసేటప్పుడు ఒకసారికి ఐదు చోట్లకు మించి పంపకుండా వాట్సాప్ 2018లో మన దేశంలోనే మొదట కట్టడి పెట్టింది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారన్న పుకారుతో అమాయకులను కొట్టి చంపిన ఏడాది అది. అప్పుడు గద్వాల, వనపర్తి ప్రాంతంలో ఎస్పీగా వున్న రెమా రాజేశ్వరి గారు ఏం చేశారంటే, పోలీసులను, పాటలు పాడేవారిని ఊరూరా పంపి, డప్పు కొట్టించి, ఇది పుకారని చెప్పించారు. నాలుగు వందలకు పైగా ఊళ్ళలో ఒక్క ప్రాణం పోలేదు. ఫోనులో వచ్చిన అబద్ధానికి ఫోనులో జవాబు చెప్పలేదు ఆమె. ముఖం తెలిసిన మనిషిని నిలబెట్టి చెప్పించారు.

ఇంకొక్క ఉదాహరణ చెప్పి ముగిస్తాము. ఇది మనకు దగ్గరదే. రాయ్‌పూర్ వైపు పోయే మన రైలు రాయగడ మీదుగానే పోతుంది. ఆ కొండల్లో నియమగిరి మీద బాక్సైటు తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. జూలై, ఆగస్టు నెలల్లో పన్నెండు ఊళ్ళలో సభలు జరిగాయి. జిల్లా జడ్జిగారు పరిశీలకులుగా వచ్చి కూర్చున్నారు. ఆడా మగా ఒక్కొక్కరే లేచి తమ కొండ తమకేమిటో తమ భాషలో చెప్పారు, చెప్పినది రాయించారు. పన్నెండుకు పన్నెండు ఊళ్ళూ వద్దన్నాయి. మరుసటి జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది. ఆ పన్నెండు ఊళ్ళ జనమంతా కలిపినా మన వార్డులో సగానికి రారు. మూడు కోట్ల ఈమెయిళ్ళ ముందు ఆ లెక్క ఎంత? అయినా అక్కడ, నేనేటి రాసేను అని అడగవలసిన అవసరం ఎవరికీ రాలేదు.

కాబట్టి కార్యవర్గం ముందు మేము పెడుతున్న ప్రతిపాదన ఇది. ఇకమీదట ఏ ప్రభుత్వ కమిటీ అభిప్రాయం అడిగినా, మన సంఘ గ్రూపులో లింకు పెట్టే ముందు ఒక సాయంత్రం ఈ హాలులో కూర్చుందాము. ఆ కాగితంలో ఏముందో తెలుగులో, ఉర్దూలో పైకి చదివిద్దాము. అనుకూలంగా మాట్లాడేవారు వుంటే వారినీ పిలిచి విందాము. ఆడవాళ్ళకు వేరే సభ పెట్టి, వారి మాట వారిచేతనే చెప్పించి రాసుకుందాము. ఆ తరువాత పంపదలచినవారు తమ మాటల్లో తాము రాసి, కింద పేరు రాసుకుని పంపుతారు. రాయడం రానివారికి రాసిపెట్టడానికి మన డిగ్రీ పిల్లలు వున్నారు. రాసినది చదివి వినిపించిన తరువాతే నొక్కాలి. ఎన్నికల ముందు రెండు రోజులు మాత్రం సంఘం గ్రూపులో ఎన్నికల సందేశాలు ఎవరూ పెట్టకుండా అడ్మిన్లు కట్టడి చేయాలి. ఏ పార్టీవైనా సరే.

ఖబరస్థాన్ దస్తావేజుల నకళ్ళు ఆఫీసు గదిలో బల్లమీద పెట్టాము. పాత ఉర్దూ, పార్సీ అక్షరాలు చదవగలిగిన పెద్దలు ఎవరైనా వుంటే భోజనాల ముందే ఒకసారి అక్కడికి రావలసిందిగా కోరుతున్నాము. రెండో పేజీలో తూర్పు సరిహద్దు దగ్గర ఒక మాట ఎవరికీ అంతుపట్టడం లేదు.